వడగాలి లేని వడదెబ్బ

విశాఖపట్నం నుంచి ఒక సోదరి రాసిన వుత్తరం ఇది.

"డాక్టరు గారికి నమస్కారాలు. మా అమ్మాయికి పద్ధెనిమిదేళ్ళు. ఈ సెలవుల్లో భువనగిరి వెళ్ళి కొండరాళ్ళు ఎక్కడం నేర్చుకుంటానని పట్టుబట్టింది. తెలంగాణా ఎండలకు వడదెబ్బ తగులుతుందని నేను వద్దంటున్నాను. మావారు మాత్రం, 'అక్కడికి వెళ్ళే ముందు ఇక్కడే మన కొండల మీద సాధన చేసుకోనీ. ఇక్కడ సముద్రపు గాలి వుంది, వడగాడ్పులు లేవు, వడదెబ్బ భయం లేదు' అంటున్నారు. ఎవరి మాట నిజం? పిల్లను పంపమంటారా, వద్దంటారా?"

అమ్మా, మీ భయంలో నిజం వుంది. మీవారి ధైర్యంలో ఒక పొరపాటు వుంది. ఆ పొరపాటు మీ ఇంటిదే కాదు. కోస్తా జిల్లాల్లో చదువుకున్న వారు కూడా వడదెబ్బ అంటే వడగాలి కొట్టినప్పుడే తగులుతుందని నమ్ముతారు. ముఖం మాడ్చే గాడ్పు లేకపోతే, ఆకాశం కాస్త మబ్బు పడితే, ఇక ప్రమాదం లేదనుకుంటారు. గాలి ఆడని ఉక్కపోతలో, చెమటలు కారుతుండగానే, నిండు ప్రాణం పోవచ్చు. అదెలాగో, దాన్ని తప్పించుకోవడమెలాగో ఈ వారం చెబుతాను. మీ ప్రశ్నకు జవాబు చివర ఇస్తాను.

మంచి ఆటే

ముందుగా ఒక మాట. కొండరాయి ఎక్కడం కుర్రకారు పిచ్చి అని కొట్టిపారేయకండి. చేతులకు, వేళ్ళకు, నడుముకు, కాళ్ళకు ఒకేసారి వ్యాయామం దొరికే ఆటలు తక్కువ. మనసు నిలకడ కూడా అలవాటవుతుంది. భువనగిరి కొండ ఒకే శిలగా సుమారు 500 అడుగులు లేచిన రాయి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ మొదట పాఠాలు నేర్చుకున్నది ఆ రాతి మీదే. 2014 మే 25న, పధ్నాలుగేళ్ళు ఇంకా నిండకుండానే, ఆ పిల్ల ఎవరెస్టు శిఖరం ఎక్కింది. కాబట్టి ఆడపిల్లకు ఈ ఆట ఎందుకనే ప్రశ్న మనం వదిలేయవచ్చు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఏ వేళలో, ఏ వాతావరణంలో, ఎవరి పర్యవేక్షణలో?

చెమట చేసే పని

మన కండరాలు పని చేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతే పనికి వస్తుంది. మిగిలినదంతా వేడి అవుతుంది. ఆ వేడిని నెత్తురు చర్మం దాకా మోసుకొస్తుంది. బయటి గాలి చర్మం కన్నా చల్లగా వుంటే కొంత వేడి దానంతట అదే గాలిలోకి పోతుంది. చర్మం వేడి సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు. గాలి కూడా 35 డిగ్రీలు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. పైపెచ్చు గాలే మనకు వేడి ఇవ్వడం మొదలుపెడుతుంది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, చెమట.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి వుంది. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు. చెమట ఆరడం వల్ల చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఒంటి మీదే ఆవిరైపోతే సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. మనం రోజంతా తినే ఆహారంలో ఇంచుమించు నాలుగో వంతు శక్తి అది. అదే లీటరు చెమట బొట్లు బొట్లుగా కారి నేల మీద పడితే తీసుకుపోయేది దాదాపు ఏమీ లేదు. ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే వుండిపోతుంది.

ఎండాకాలం మధ్యాహ్నం కర్నూలులో ఆరేసిన బట్టలు అరగంటలో ఆరిపోతాయి. అవే బట్టలు విశాఖలో సాయంత్రం దాకా చెమ్మగానే వుంటాయి. గాలిలో అప్పటికే తేమ నిండి వుంటే మరి కాస్త తేమకు చోటు వుండదు. దండెం మీద చీరకు వర్తించే సూత్రమే మీ అమ్మాయి ఒంటి మీది చెమటకూ వర్తిస్తుంది. "చెమట బాగా పోస్తోంది, మంచిదే" అని మనం సంతోషిస్తాం. చొక్కా పిండితే నీళ్ళు కారేటంత చెమట అంటే శరీరం ఓడిపోతున్నదని అర్థం. గట్టిగా శ్రమించే మనిషి చెమట బొత్తిగా ఆరకపోతే లోపలి వేడి ఒక డిగ్రీ పెరగడానికి పది నిమిషాలు కూడా పట్టదు.

తడిగుడ్డ పరీక్ష

అయితే ఏ రోజు ప్రమాదమో తెలిసేదెలా? పేపర్లో వేసే ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే మోసపోతాం. గోడకు తగిలించే మామూలు థర్మామీటరు ఒకటి తీసుకోండి. జ్వరం చూసేది పనికిరాదు. దాని బల్బుకు పలచని నూలుగుడ్డ చుట్టి, నీళ్ళతో తడిపి, నీడలో వుంచి విసనకర్రతో విసరండి. కాసేపటికి అంకె దిగి ఒకచోట నిలుస్తుంది. చెమట మిమ్మల్ని ఎంతవరకు చల్లబరచగలదో ఆ అంకె చెబుతుంది.

గాలి వేడి 44 డిగ్రీలు, తేమ నూటికి 15 పాళ్ళు వున్న లోతట్టు ఊళ్ళో తడిగుడ్డ అంకె 23 దగ్గర నిలుస్తుంది. గాలి వేడి 35 డిగ్రీలే వుండి తేమ 75 పాళ్ళు వున్న సముద్రతీరంలో 31 దగ్గర నిలుస్తుంది. పేపరు చదివిన వారికి మొదటి ఊరు భయంకరంగానూ, రెండోది హాయిగానూ కనిపిస్తుంది. కొండ ఎక్కే మనిషి చెమటకు మొదటి ఊళ్ళోనే ఎక్కువ పని జరుగుతుంది. అలాగని 44 డిగ్రీల ఎండలో ఎక్కమని నేను చెప్పడం లేదు. అక్కడ ఒంట్లో నీరు తెలియకుండానే ఆవిరైపోతుంది, మండుటెండ, కాలిన రాయి విడిగా హాని చేస్తాయి. సముద్రపు గాలి రక్ష అని మాత్రం అనుకోకండి అంటున్నాను.

2020 ఒలింపిక్సు కోవిడ్ మూలంగా 2021లో టోక్యోలో జరిగాయి. జపాను ఎండాకాలపు ఉక్కకు జడిసి మారథాన్ పరుగును వుత్తరాన వున్న సప్పోరో నగరానికి మార్చారు. ప్రపంచంలో మేటి క్రీడాకారుల విషయంలోనే అంత జాగ్రత్త పడితే, వారం క్రితం కొత్త బూట్లు కొనుక్కున్న మన పిల్లల మాట ఏమిటి?

మృగశిర కార్తెలో ఒక ఉదయం

కోస్తాలో ఒక ఆసుపత్రిలో నేను పనిచేస్తున్న రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను. రోళ్ళు పగిలే రోహిణి కార్తె వెళ్ళిపోయింది. మృగశిర వచ్చి మూడు రోజులైంది. ఆకాశం మబ్బు పట్టి వుంది. వాన మాత్రం పడలేదు. ఆకు కదలడం లేదు. "ఎండలు తగ్గాయి" అనుకుని కాలేజీ కుర్రాళ్ళు ఆరుగురు తాళ్ళు, సంచులు మోసుకుని వూరి బయట కొండకు వెళ్ళారు.

పది గంటలు దాటాక, కింద నిలబడి తాడు పట్టుకున్న పందొమ్మిదేళ్ళ కుర్రవాడు పొంతన లేని మాటలు మొదలుపెట్టాడు. పైనున్నవాడు "దిగుతున్నాను, తాడు వదులు" అని కేక వేస్తే, "బస్సు వచ్చిందా?" అన్నాడట. మిగిలినవాళ్ళు హాస్యమనుకుని నవ్వారు. అంతలో తాడు అతని చేతుల్లోంచి జారింది. పక్కవాడు అందుకున్నాడు గనుక పైవాడు బతికాడు. కిందవాడు వాంతి చేసుకుని పడిపోయాడు.

స్నేహితులు భయపడి ఆటో తెచ్చారు. ఎండ తగలకుండా రెండు వైపులా పరదాలు దింపారు. ఒంటికి తుండు చుట్టారు. నా దగ్గరికి చేరేసరికి యాభై అయిదు నిమిషాలైంది. నుదుటి మీద చెయ్యి వేశాను. చెమటతో తడిగా వుంది, అంత వేడిగా తగల్లేదు. ఆ పూట ఎండ కూడా లేదు. అందుచేత, "మత్తుమందు లాంటిది ఏమైనా తీసుకున్నాడా?" అని స్నేహితులను అడిగాను. ఆ ప్రశ్నలతో పది నిమిషాలు పోగొట్టాను. తరువాత మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 41.8 డిగ్రీలు. ఐసు తెప్పించి చల్లార్చాము, వేడి దిగింది. అయితే అప్పటికే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. నాలుగో రోజున పోయాడు.

ఆ కొండ కింద, వాళ్ళు ఆటో ఎక్కిన చోటుకు ఇరవై గజాల్లో, పనిచేసే బోరింగు పంపు వుందని తరువాత తెలిసింది. "అయ్యా, అక్కడే నీళ్ళు పోసి వుంటే బతికేవాడా?" అని అతని తండ్రి నన్ను అడిగాడు. ఆయన ముఖం చూసి అవునని చెప్పలేకపోయాను. ఆ జవాబు మీకు చెబుతున్నాను. ఈ రకం వడదెబ్బ తగిలినవారిని పడిపోయిన తొలి అరగంటలో చల్లార్చగలిగితే దాదాపు అందరూ బతుకుతారు.

ముందు చల్లార్చండి, తరువాత తరలించండి

వేడి వల్ల వచ్చే జబ్బులు మెట్లు మెట్లుగా వస్తాయి. ఒక్కోసారి మెట్లు దాటేసి చివరిదే వస్తుంది.

మొదటిది కండరాలు పట్టేయడం. పిక్కలు, ముంజేతులు, పొట్ట కొంకర్లు పోతాయి. ఆట ఆపి, నీడలో కూర్చోబెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగ ఇచ్చి, పట్టేసిన కండరాన్ని మెల్లగా సాగదీస్తే తగ్గుతుంది. ఆ రోజుకు మళ్ళీ ఎక్కకూడదు.

రెండోది సొమ్మసిల్లడం. తలనొప్పి, వికారం, నీరసం, కళ్ళు తిరగడం, నాడి వేగం కనిపిస్తాయి. మనిషి మాట మాత్రం సరిగానే వుంటుంది. నీడలో పడుకోబెట్టి, కాళ్ళు కాస్త ఎత్తుగా పెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్ళు తడిపి విసరాలి. తాగగలిగితే గుక్క గుక్కగా ఓఆర్ఎస్ ఇవ్వాలి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మూడోది అసలు వడదెబ్బ. లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. దీన్ని గుర్తుపట్టడానికి థర్మామీటరు కోసం వెతకనక్కరలేదు. చంకలో పెట్టి చూస్తే అది తక్కువ చూపించి మోసం కూడా చేస్తుంది. మనిషి మాట వినండి. తికమకగా జవాబిచ్చినా, తాగినవాడిలా తూలినా, కారణం లేకుండా కోపం తెచ్చుకున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వడదెబ్బ అనే అనుకోండి. "చర్మం పొడిగా వుంటేనే వడదెబ్బ" అన్నది ఇంట్లో పడుకున్న ముసలివారి విషయంలో చాలాసార్లు నిజం. శ్రమ చేస్తూ పడిపోయినవారి ఒళ్ళు చెమటతో తడిసి వుండవచ్చు. నేను పొరపడింది అక్కడే.

అప్పుడు చేయవలసినవి వరుసగా చెబుతాను. వీలైతే ఈ నాలుగు ముక్కలు కత్తిరించి పిల్లల సంచిలో పెట్టండి.

ఒకటి: ఒకరు 108కి ఫోను చేయాలి. మిగిలినవారు ఆ క్షణమే చల్లార్చడం మొదలుపెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకూడదు.

రెండు: హెల్మెట్టు, బూట్లు, పట్టీలు, పై బట్టలు తీసేయండి. దగ్గరలో నీళ్ళతొట్టి వుంటే మెడ దాకా ముంచి, తల నీళ్ళ పైన వుండేట్టు ఇద్దరు పట్టుకోండి. తొట్టి లేకపోతే బోరింగు కిందనో, కుళాయి కిందనో పడుకోబెట్టి ఆపకుండా నీళ్ళు పోయండి. నీళ్ళు ముక్కులోకీ నోట్లోకీ పోకుండా చూసుకోండి. నీళ్ళు తక్కువగా వుంటే ఉన్న గుడ్డలన్నీ తడిపి ఒంటి నిండా పరచి, రెండు మూడు నిమిషాలకోసారి మార్చి తడుపుతూ గట్టిగా విసరండి. ఐసు దొరికితే ఒళ్ళంతా రాయండి. సిగ్గూ మొహమాటమూ పనికిరాని సమయం ఇది.

మూడు: స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు, సోడా, నిమ్మరసం, ఏవీ పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. జ్వరం బిళ్ళలు వేయవద్దు. ఇది జ్వరం కాదు, ఆ బిళ్ళలు దీని మీద పనిచేయవు. పైగా దెబ్బతిన్న కాలేయానికి హాని.

నాలుగు: మనిషి తెలివిలోకి వచ్చి మాట సరిపడినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లోపలి అవయవాల దెబ్బ ఒకటి రెండు రోజులు ఆగి బయటపడవచ్చు. దారిలో కూడా తడుపుతూనే వుండాలి. కిటికీలు తెరిచి వుంచాలి.

రాయి ఎక్కేవారికి ప్రత్యేకంగా ఇంకొక మాట. మనిషి తాడు మీద వేలాడుతూ వుండగానే సొమ్మసిల్లితే క్షణం ఆలస్యం చేయక కిందికి దించి పడుకోబెట్టండి. పట్టీల్లో కదలకుండా వేలాడితే నెత్తురు కాళ్ళలోనే నిలిచిపోయి కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

కొండ దగ్గర పాటించవలసినవి

శరీరం ఉక్కకు అలవాటు పడగలదు, దానికి పది నుంచి పధ్నాలుగు రోజుల వ్యవధి ఇవ్వాలి. ఈ రోజుల్లో చెమట త్వరగా పట్టడం నేర్చుకుంటుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది, నెత్తురులో నీటి భాగం పెరుగుతుంది, గుండె నిదానంగా కొట్టుకుంటుంది. మొదటి నాలుగు రోజులే ఎక్కువ ప్రమాదం. ఏడాదంతా ఫ్యాను కింద చదువుకుని, పరీక్షలు అయిన మర్నాడే కొండకు పరుగెత్తే పిల్లల గురించే నా దిగులు. తొలి రోజు అరగంట చాలు. రోజుకు కాస్త పెంచాలి. రెండు మూడు వారాలు మానేస్తే ఈ అలవాటు చాలావరకు పోతుంది, మళ్ళీ మొదటి నుంచి ఆరంభించాలి.

తెల్లవారుజామునే బయలుదేరి తొమ్మిదింటికల్లా కిందికి దిగిపోవాలి. ఉదయం పూట పడమటి ముఖం నీడలో వుంటుంది, అటు ఎక్కాలి. సాయంత్రం తూర్పు ముఖం నీడ పట్టినా రోజంతా వేడెక్కిన వాతావరణం, వెచ్చని రాయి వుంటాయి గనుక ఉదయమే మేలు. నల్లరాయి పొద్దుగూకాక కూడా చాలాసేపు వేడి కక్కుతూనే వుంటుంది. అరచేయి రాతి మీద ఆనించి కాసేపు వుంచలేకపోతే ఆ రోజుకు ఆట కట్టిపెట్టాలి. గాలిలో తేమ హెచ్చితే అరచేతుల్లో చెమట ఆరదు, పట్టు జారుతుంది. చేతులకు రాసుకునే మెగ్నీషియం కార్బొనేటు పొడి కొంత తడి పీల్చుకుంటుంది. గంటకోసారి పొడి సంచి ఖాళీ అవుతున్నదంటే ఉక్క మీతో మాట్లాడుతున్నదని తెలుసుకోండి.

ఎక్కేది పది నిమిషాలే, ఎండలో నిలబడేది గంటలు. కొండ దాకా బరువులు మోసుకుంటూ నడిచిన గంట, తాడు పట్టుకుని మెడ పైకెత్తి నిలబడిన గంట, వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కింద తాడు పట్టుకున్నవారి చేతిలో పైవారి ప్రాణం వుంటుంది. వారు నీడలో నిలబడాలి. ఇరవై నిమిషాలకోసారి మనిషి మారాలి. పేరు పెట్టి పిలిచి ఏదో ఒకటి అడుగుతూ వుండాలి. జవాబు తేడాగా వస్తే నవ్వకండి.

పలచని, వదులైన, లేత రంగు బట్టలు వేసుకోవాలి. చొక్కా విప్పేసి ఎండలో ఎక్కడం మగతనం కాదు. ఎండ నేరుగా వీపు మీద పడుతుంది, రాయి చర్మం గీస్తుంది. హెల్మెట్టు రాయి ఎక్కేటప్పుడు తప్పదు. దిగి నీడకు రాగానే తీసి తల తడుపుకోవాలి.

ఏం తాగాలి, ఎంత తాగాలి

ఉక్కలో శ్రమ చేస్తే గంటకు లీటరు చెమట పోవడం మామూలే, కొందరికి ఇంకా ఎక్కువ. ఇంటి దగ్గర ఒక లెక్క చూసుకోవచ్చు. వెళ్ళే ముందు, వచ్చాక పలచని పొడి బట్టలతో బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు నీరు లోటు పడిందని అర్థం. బరువు పెరిగి వుంటే అవసరానికి మించి తాగారన్నమాట. అది కూడా ప్రమాదమే. ఉప్పు లేని వుత్త నీళ్ళు బలవంతాన లీటర్ల కొద్దీ తాగితే నెత్తురులో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఫిట్స్ రావచ్చు. దాహం వేసినప్పుడల్లా తాగుతూ, మూత్రం లేత గడ్డిరంగులో వుండేట్టు చూసుకుంటే చాలు. ముదురు పసుపు రంగులో వస్తే నీరు చాలలేదు. టీ డికాషను రంగులో వస్తే కండరాలు చితికిన సూచన. వెంటనే డాక్టరును చూడాలి.

మన ఇళ్ళలోని ఉప్పు వేసిన పలచని మజ్జిగ, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం మంచి పానీయాలు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కాబట్టి పక్కన ఉప్పుగల తిండి కూడా వుండాలి. ఓఆర్ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తల కొట్టి కొలవాలి. ఉప్పు బిళ్ళలు మింగవద్దు, కడుపులో తిప్పుతాయి. ఉదయాన్నే పెరుగన్నమో, రెండు ఇడ్లీలో తిని వెళ్ళాలి. పరగడుపున ఎక్కకూడదు.

ఎవరు ఆగాలి

జ్వరం, విరేచనాలు తగ్గి వారం కానివారు, ముందు రాత్రి నిద్ర లేనివారు, మద్యం తాగినవారు ఆ రోజు ఎక్కకూడదు. రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవారు, జలుబుకు నిద్రమత్తు కలిగించే మాత్రలు మింగినవారు, మానసిక వ్యాధులకు మందులు వాడేవారు డాక్టరును అడిగి వెళ్ళాలి. ఈ మందుల్లో కొన్ని చెమటను అణుస్తాయి, కొన్ని ఒంట్లో నీరు తగ్గిస్తాయి. అలాగని మందులు మానేసి వెళ్ళడం ఇంకా తప్పు. మన్యం ప్రాంతాల కుటుంబాల్లో సికిల్ సెల్ లక్షణం వుండవచ్చు గనుక రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒకసారి వడదెబ్బ తగిలినవారు డాక్టరు సరేననే దాకా, వారాల తరబడి, ఎక్కకూడదు.

రెండు ప్రశ్నలు

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు, నిజమా? అని చాలామంది రాస్తుంటారు. ఉల్లిపాయను పెరుగన్నంలో నంజుకుంటే రుచి. జేబులో వుంటే జేబుకు వాసన. దానివల్ల వచ్చే కీడు ఒక్కటే, అది వుందన్న ధైర్యంతో నీళ్ళసీసా మరిచిపోవడం.

మేము రాళ్ళు ఎక్కేవాళ్ళం కాదు, దేవుడి కొండ మెట్లెక్కేవాళ్ళం, మాకు ఇవన్నీ ఎందుకు? అని మరికొందరు అడగవచ్చు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, అదీ ఉక్క ఎక్కువగా వుండే ఆషాఢంలో. ఉపవాసంతో, నిద్ర లేకుండా, యాభై దాటిన వయసులో నడిచే భక్తులకు కుర్రాళ్ళ కన్నా ప్రమాదం ఎక్కువ. చెమట సూత్రం అందరికీ ఒక్కటే. ఉపవాసమున్నా మజ్జిగ తాగండి. పక్కవారి మాట తడబడితే దేవుడు పూనాడనుకోక ముందు నీళ్ళు పోయండి.

ఇక సోదరి గారికి జవాబు

అమ్మా, మీ అమ్మాయిని పంపండి. వెళ్ళే ముందు పన్నెండు రోజులపాటు మీ ఊళ్ళోనే ఉదయం ఆరింటికి నడకతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా శ్రమ పెంచమనండి. తడిగుడ్డ అంకె 28 దాటిన రోజు నడకతో సరిపెట్టుకోవాలి, 30 దాటితే ఇంట్లో వుండాలి. కొత్తవారికి నేను పెట్టే హద్దు అది. శిబిరం వారిని మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని గంటలకు ఆపుతారు? కొండ కింద నీళ్ళు ఎక్కడున్నాయి? పడిపోతే ముందు ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు "వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తాం" అంటే ఈ పేజీ వారికి పంపండి. "ముందు నీళ్ళు పోస్తాం, పోస్తూనే తీసుకెళ్తాం" అంటే నిశ్చింతగా పంపండి.

మీవారికి కూడా నా మాటగా చెప్పండి. సముద్రపు గాలి మంచిదే. ఆ గాలి ఒంటి మీది చెమటను ఆర్పుతున్నదా లేదా అన్నది మాత్రం రోజూ చూసుకోవాలి.